ఎలుక పన్ను కదిలిందా, జరిగిందా?

సందేహం: పళ్లకు క్లిప్పులు వేసే వైద్యం కోసం ఎలుకల మీద చేసే పరిశోధన గురించి తెలుగులో వ్యాసం రాస్తున్నాను. అందులో ఒక వాక్యం: 'ఎలుక నమూనాలో పన్ను కదలికను అధ్యయనం చేయుటకు కోరపన్నుకు, మొదటి దవడపన్నుకు మధ్య స్ప్రింగు కట్టబడి, 50 గ్రాముల శక్తి ప్రయోగించబడింది.' ఇందులో దోషాలున్నాయా? (దంతవైద్య విద్యార్థిని)

సమాధానం: ముందు అర్థం సంగతి చూద్దాం. 'పన్ను కదులుతోంది' అనగానే మనకు తోచేది ఊగే పన్ను, ఇవాళో రేపో ఊడేది. మీరు చెప్పదలచింది, పన్ను ఎముకలో గట్టిగా ఉంటూనే చోటు మారడం. బస్సులో 'కాస్త జరగండి' అంటామే, ఆ జరగడం. దానంతటది అయితే 'పన్ను జరిగింది', వైద్యుడు చేస్తే 'పంటిని జరిపారు'.

తమాషా ఏమిటంటే, ఈ రెండు క్రియలూ అక్కడ జరిగే రెండు దశలకు అతికినట్టు సరిపోతాయి. స్ప్రింగు లాగగానే పన్ను తన వేరు చుట్టూ ఉన్న పలుచని బంధకం ఇచ్చిన మేరకు ఒరుగుతుంది. వెంటనే స్ప్రింగు తీస్తే దాదాపు వెనక్కి వచ్చేస్తుంది. అది కదలడం. ఒత్తిడి పడ్డ వైపు ఎముక కరిగి, రెండో వైపు కొత్త ఎముక చేరితే అది జరగడం. బలం ఎక్కువైతే నలిగినచోట నెత్తురు ఆడదు. అక్కడ చచ్చిన కణజాలాన్ని ఒళ్లు తొలగించుకునేదాకా పన్ను కొన్నాళ్లు ఉన్నచోటే నిలిచిపోతుంది. ఈ దశ గురించి 'కదలిక ఆగింది' అని రాశారో, ఊగే పన్ను గట్టిపడిందని చదువుకుంటారు.

'జరుపు'తో చిక్కు ఒకటుంది. 'పంటిని జరిపే ప్రయోగం జరిపారు' అంటే వినసొంపుగా ఉండదు. ప్రయోగాన్ని 'చేశారు' అనండి, చాలు.

కన్ను కంటి, ఇల్లు ఇంటి అయినట్టే పన్ను పంటి అవుతుంది: పంటికి, పంటిని, పంటి వేరు. 'పన్నుకు' అని మాటల్లో వినబడుతుంది గాని, రాతలో చదువరి మనసు ఆదాయపు పన్ను వైపు పోతుంది. మారకుండా ఉండేది ఆ పన్నే.

ఇక కోరపన్ను. ఎలుకకు కోరలే లేవు! పైనా కిందా ఒక్కో పక్క ఒక ముందుపన్ను, మూడు దవడపళ్లు, మొత్తం 16. నడుమ అంతా బోసి చిగురు. స్ప్రింగు కట్టేది ముందుపంటికి. ఆ పన్ను బతికున్నంతకాలం పెరుగుతూనే ఉంటుంది, కట్టిన తీగ చోటు తప్పుతుంది. పైగా స్ప్రింగు లాగుడుకు అదీ వెనక్కి ఒరుగుతుంది. కనుక 'రెండు పళ్ల మధ్య దూరం ఇంత తగ్గింది' అన్నా 'దవడపన్ను ఇంత జరిగింది' అన్నా ఒకటే అనుకోకండి. రెండో మాట రాయాలంటే మొదటి, రెండో దవడపళ్ల నడుమ తెరుచుకున్న సందును కొలిచి ఉండాలి.

'నమూనా' తప్పు కాదు గాని రక్త నమూనా, మట్టి నమూనా అలవాటైన చోట 'ఎలుక నమూనా' అంటే ఎలుక నుంచి తీసిన ముక్క అనిపిస్తుంది. 'ఎలుకల మీద' అంటే సరిపోతుంది. మనం చేసే పనికి 'మీద', లోపల సాగే మార్పుకు 'లో'. స్వీడన్‌కు చెందిన దంత పరిశోధకుడు శాండ్‌స్టెడ్ కుక్క మీద ప్రయోగం చేశాడు, కుక్క దవడ ఎముకలో మార్పులు చూశాడు.

లాగేది బలం. శక్తి వేరు, భౌతికశాస్త్రం పుస్తకాల్లో రెండింటికీ వేర్వేరు అర్థాలున్నాయి. గ్రాములు దంతవైద్యుల వాడుక. 50 గ్రాములంటే సుమారు 0.5 న్యూటను. మనిషి దవడపంటికి ఇది పెద్ద లెక్క కాదు గాని ఎలుక చిన్న పంటికి మోటు బలమే. కాబట్టి పక్కన 'స్వల్ప' అన్న విశేషణం చేర్చకండి.

'చేయుటకు', 'కట్టబడి', 'ప్రయోగించబడింది' తీసేస్తే వాక్యం ఇలా నిలుస్తుంది: 'పళ్లు జరిగే తీరు తెలుసుకోవడానికి ఎలుకల ముందుపంటికీ మొదటి దవడపంటికీ మధ్య స్ప్రింగు కట్టి, సుమారు 0.5 న్యూటను బలంతో దవడపంటిని ముందుకు లాగారు.' ఇందులో 'ముందుకు' అన్నది వదలకండి. ఏ స్ప్రింగూ లేకపోతే మనిషి దవడపళ్లు ముందుకు జరుగుతాయి, ఎలుకవి వెనక్కి.