హెచ్ఐవీ వల్ల ఎయిడ్స్ రాదని పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే అన్నారు కదా, వాళ్ళ వాదనను ఎందుకు పట్టించుకోరు?

పట్టించుకోలేదన్న మాట నిజం కాదండీ. పదేళ్ళకు పైగా ఒక్కో ప్రశ్నా పట్టుకుని జవాబు చెప్పారు. ఆ జవాబులు కొందరికి రుచించలేదు, అంతే. అయితే నేను రాయడానికి కూర్చున్నది దానికోసం కాదు. ప్రశ్న కింద మీరు ఇంకో వాక్యం రాశారు, మీ స్నేహితుడొకతను ఈ వాదనలు విని మందులు ఆపేద్దామా అని చూస్తున్నాడని. అది చదివాక ఊరుకోలేకపోయాను. మా బావ అచ్చం అలాగే ఆపేశారు.

బావ అంటే మా అక్క భర్త. నలుగురూ అన్నారని దేన్నీ నమ్మే మనిషి కాదు, ఏదైనా తానే కూర్చుని చదివి తేల్చుకోవాలి. హైస్కూల్లో నాకు లెక్కలు ఒంటబట్టించింది ఆయనే. పాజిటివ్ అని తెలిసిన రోజున ఆయన సీడీ4 కౌంట్, అంటే ఈ వైరస్ దెబ్బతీసే రక్షణ కణాల లెక్క, 210 ఉంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి అది 500కి పైనే ఉంటుంది, 200 కంటే దిగితే ఎయిడ్స్ కిందే లెక్క. మందులు మొదలుపెట్టాక రెండేళ్ళలో 480కి ఎక్కింది. రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంతగా తగ్గిపోయింది. అక్కకు నెగెటివ్. గండం గట్టెక్కిందనుకున్నాం.

ఒకరోజు సాయంత్రం అక్క ఫోన్ చేసి "ఒక్కసారి రారా" అని పెట్టేసింది. వెళ్ళేసరికి మంచం మీద మందు సీసాలు వరసగా పెట్టి ఉన్నాయి. బీరువా పైన పాత సూట్‌కేసు వెనకాల దొరికాయట. ఒకటి తీసి మూత తిప్పాను. లోపల వెండి రంగు రేకు సీల్ ఎక్కడా చిరగలేదు. రెండోదీ అంతే. మూడోదీ అంతే. ఎనిమిది సీసాలు అలాగే ఉన్నాయి. తొమ్మిదోదానికి మాత్రం సీల్ చింపి ఉంది. దుప్పటి మీద ఒంపి లెక్కపెట్టాను, ఇరవై మూడు మాత్రలు. నెలకు ముప్పై ఇస్తారు. అంటే ఏడు రాత్రులు వేసుకుని ఎనిమిదో రాత్రి నుంచి మానేశారు. నెలనెలా వెళ్ళి సీసా తెచ్చుకోవడం మాత్రం మానలేదు, మాకు అనుమానం రాకూడదని. అక్క ఏడవలేదు. ఆ ఇరవై మూడు మాత్రల్నీ ఒక్కొక్కటిగా ఏరి మళ్ళీ సీసాలో వేస్తూ కూర్చుంది.

బావ వచ్చాక దాచాలని చూడలేదు. లోపలి గదిలోంచి ఒక ఫైలు తెచ్చి నా ముందు పెట్టారు. ప్రింట్ తీసిన కాగితాలు, ప్రతి పేజీలో ఎర్ర పెన్నుతో గీతలు, పక్కన ఆయన గుండ్రటి చేతిరాత.

"వైరస్ కనబడలేదని రిపోర్టులో వాళ్ళే రాశారు. లేనిదానికి మందేమిట్రా?"

"మందు వేసుకోబట్టే కదా బావా కనబడనిది?"

"అది వాళ్ళ మాట. నువ్వు చూశావా?"

నేను చూడలేదు. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఫైలు ఇంటికి తెచ్చుకుని నెల రోజులు అదే పనిగా చదివాను.

అందులో ఎక్కువగా కనబడే పేరు పీటర్ డ్యూస్‌బర్గ్. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో, బర్క్‌లీలో ప్రొఫెసర్‌గా పనిచేసినవాడు. అల్లాటప్పా మనిషి కాదు, క్యాన్సర్ తెచ్చే జన్యువుల మీద చేసిన పనికి గొప్ప పేరున్నవాడు. 1987లో ఆయన ఒక పత్రం రాశాడు. హెచ్ఐవీ ఏ హానీ చేయని వైరస్ అనీ, ఎయిడ్స్‌కి కారణం అది కాదనీ అందులో వాదించాడు. అసలు కారణం మత్తుమందులనీ, ఆ జబ్బుకు ఇస్తున్న ఏజడ్‌టీ మందే మనుషుల్ని చంపుతోందనీ తర్వాత అన్నాడు.

1987లో ఆ ప్రశ్న వేయడం తప్పని నేను అనను. పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో వైరస్‌ని పట్టుకుని అప్పటికి నాలుగేళ్ళే. ఒంట్లో చేరాక ఏళ్ళ తరబడి చడీచప్పుడూ లేకుండా ఉండి ఆ తర్వాత మనిషిని ఎలా కూలదోస్తుందో ఎవరికీ సరిగ్గా అర్థం కాలేదు. ఏజడ్‌టీని మొదట్లో పెద్ద మోతాదుల్లో ఇచ్చారు, జనం రక్తహీనతతో అల్లాడిపోయారు. ఒక్క మందే ఇస్తే వైరస్ రూపం మార్చుకుని తప్పించుకుంటుందని తెలియడానికీ కొన్నేళ్ళు పట్టింది. ఆ రోజుల్లో నేనున్నా అనుమానపడేవాణ్ణేమో.

తర్వాత జవాబులు వచ్చాయి. నన్ను ఒప్పించింది హీమోఫిలియా రోగుల లెక్క. రక్తం గడ్డకట్టని జబ్బు అది. వాళ్ళకు దాతల రక్తం నుంచి తీసిన మందు ఎక్కిస్తారు. ఆ రోజుల్లో ఆ మందులో కొంత హెచ్ఐవీతో కలుషితమైంది, కొంత కాలేదు. కాబట్టి అదే జబ్బు, అదే చికిత్స ఉన్నవాళ్ళలో కొందరికి వైరస్ అంటింది, కొందరికి అంటలేదు. కావాలని ఎవరూ చేయలేని ప్రయోగం. బ్రిటన్‌లోని ఈ రోగుల లెక్కలు 1995లో నేచర్ పత్రికలో వచ్చాయి. 1985 నుంచి 1992 దాకా వైరస్ సోకినవాళ్ళలో 403 మంది చనిపోయారు. వైరస్ సోకనివాళ్ళ మరణాల రేటును బట్టి లెక్కేస్తే 60 మంది చనిపోయి ఉండాలి.

ఇది చూపించాను. బావ చదివి, "వాళ్ళని ఏజడ్‌టీ చంపింది" అన్నారు.

"ఈ జబ్బు 1981లో బయటపడింది. ఏజడ్‌టీకి అనుమతి వచ్చింది 1987లో. మధ్యలో పోయినవాళ్ళని ఏ మందు చంపింది బావా?"

"మత్తుమందులు."

"మీరెప్పుడు తీసుకున్నారు మత్తుమందులు? మందులు మొదలుపెట్టకముందే మీ సీడీ4 210కి ఎందుకు పడిపోయింది?"

ఆయన పేజీ తిప్పేశారు. లెక్క తప్పితే నన్ను మళ్ళీ మొదటి నుంచి చేయించిన మనిషి అలా పేజీ తిప్పడం చూస్తే కడుపు తరుక్కుపోయింది.

ఇంకో పేజీలో బ్యారీ మార్షల్ ఉన్నాడు. ఈయన పేరు మీరూ వినే ఉంటారు, ఈ వాదనలు చేసేవాళ్ళందరూ తెస్తారు. కడుపులో పుండుకు టెన్షన్, యాసిడ్ కారణమని లోకమంతా నమ్ముతున్నప్పుడు ఆస్ట్రేలియాలో మార్షల్, రాబిన్ వారెన్ కలిసి, కాదు బ్యాక్టీరియా అన్నారు. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియాను తానే తాగి జబ్బు తెచ్చుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. "చూశావా, ఒంటరివాడే గెలిచాడు" అని బావ పక్కన రాసుకున్నారు. గెలిచింది ఒంటరివాడు కావడం వల్ల కాదండీ. బ్యాక్టీరియాను చంపితే పుండు మళ్ళీ రావడం లేదని రోగుల మీద తేలింది కాబట్టి గెలిచాడు. హెచ్ఐవీ విషయంలో ఆ పరీక్షలో నెగ్గింది ఎవరు? 1996లో మూడు మందులు కలిపి ఇవ్వడం మొదలైంది. మరుసటి ఏడాదే అమెరికాలో ఎయిడ్స్ మరణాల రేటు 47 శాతం పడిపోయింది. ఆ మందులు కొట్టేది వైరస్‌నే.

పీసీఆర్, అంటే పిసరంత జన్యుపదార్థాన్ని కోట్ల రెట్లు పెంచి పట్టుకునే పద్ధతి, కనిపెట్టి నోబెల్ తెచ్చుకున్న క్యారీ మల్లిస్ కూడా హెచ్ఐవీ వల్ల ఎయిడ్స్ వస్తుందని నమ్మలేదు కదా అని మీరు అనొచ్చు. నిజమే, నమ్మలేదు. కానీ ఆయన కనిపెట్టిన ఆ పద్ధతితోనే ఇప్పుడు రక్తంలో వైరస్ ఎంతుందో లెక్కపెడుతున్నారు. ఒక విషయంలో నోబెల్ వచ్చినంత మాత్రాన ఇంకో విషయంలో మాట చెల్లాలని ఎక్కడా లేదు.

వాదన వాదనగానే ఉండిపోతే నాకు ఇంత బాధ ఉండేది కాదు. దక్షిణాఫ్రికాలో అది ప్రభుత్వం దాకా వెళ్ళింది. అధ్యక్షుడు థాబో ఎంబెకీ 2000లో ఒక సలహా సంఘం వేసి, అందులో డ్యూస్‌బర్గ్ లాంటివాళ్ళకీ, వైద్యులకీ సమానంగా కుర్చీలు వేశాడు. వెల్లుల్లి, బీట్‌రూట్, నిమ్మకాయ తినమని ఆరోగ్యమంత్రి చెప్పింది. అదే ఏడాది డర్బన్‌లో జరిగిన ఎయిడ్స్ సదస్సుకు ముందు 5,000 మందికి పైగా శాస్త్రవేత్తలు, డాక్టర్లు సంతకాలు చేసి కారణం హెచ్ఐవీయేనని ప్రకటించాల్సి వచ్చింది. ఆ సదస్సు మొదటిరోజు ఎన్‌కోసీ జాన్సన్ అనే పదకొండేళ్ళ పిల్లవాడు వేదికెక్కి, గర్భిణులకు మందు ఇవ్వండి, పిల్లలకు సోకకుండా ఉంటుంది అని అడిగాడు. పుట్టుకతోనే వైరస్ సోకినవాడు. మరుసటి ఏడాది చనిపోయాడు. తల్లుల మందు కోసం ఉద్యమకారులు కోర్టుకు వెళ్ళి 2002లో రాజ్యాంగ న్యాయస్థానంలో గెలవాల్సి వచ్చింది. సకాలంలో మందులు ఇవ్వకపోవడం వల్ల 2000 నుంచి 2005 దాకా 3,30,000 మందికి పైగా ప్రాణాలు పోయాయని హార్వర్డ్ పరిశోధకులు 2008లో అంచనా వేశారు. "ఇద్దరి మాటా వినాలి కదా" అని టీవీలో ఇటొకరినీ అటొకరినీ కూర్చోబెట్టే ప్రతిసారీ నాకు ఆ సంఖ్యే గుర్తొస్తుంది. చూసేవాళ్ళకి రెండు కుర్చీలూ ఒకే ఎత్తులో కనబడతాయి.

ఇవన్నీ చెప్పినా బావ వినలేదు. మరి మొండితనమా అంటే, నేను బల్లగుద్ది చెప్తాను, కాదు. ఈ ప్రచారాలు నమ్మేవాళ్ళలో చాలామంది మొండివాళ్ళు కాదు, ఎక్కడో ఒకచోట మనసు విరిగినవాళ్ళు. బావకు అప్పట్లో ఇచ్చిన మాత్రలో ఎఫావిరెంజ్ ఉండేది. రాత్రి వేసుకుంటే తల తిరిగేది, భయంకరమైన కలలు వచ్చేవి. తెల్లవారుజామున అరుస్తూ లేచేవారట. ఆ మందుకి అది అందరికీ తెలిసిన దుష్ప్రభావమే. డాక్టరుకు చెబితే కాగితం మీంచి తలెత్తకుండా "అలవాటవుతుంది" అన్నాడు. రెండోసారి చెబితే "అందరూ వేసుకోవడం లేదా?" అన్నాడు. మూడోసారి బావ డాక్టరుకు చెప్పలేదు, ఇంటర్నెట్‌లో వెతికారు. అక్కడ ఒకడు గంటసేపు ఓపిగ్గా మాట్లాడాడు, ఈ మందు విషం, నీ బాధ నిజం అన్నాడు. సగం నిజం అక్కడ దొరికింది, మిగతా సగం అబద్ధం దాంతోపాటు మింగేశారు. నాకు ఆ వీడియోలు చేసినవాళ్ళ మీద ఎంత కోపముందో తలెత్తని ఆ డాక్టరు మీదా అంతే ఉంది.

ఆ తర్వాత పది నెలలకు మొదట బరువు తగ్గారు. నోట్లో తెల్లటి పూత వచ్చింది. పొడిదగ్గు మొదలైంది. పది మెట్లు ఎక్కి రెయిలింగ్ పట్టుకుని ఆగిపోయేవారు. అప్పుడు కూడా "జలుబు" అన్నారు. అక్క ఆయన మాట వినకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళింది. న్యూమోసిస్టిస్ న్యుమోనియా, ఒంట్లో రక్షణ తగ్గినవాళ్ళకి ఊపిరితిత్తుల్లో వచ్చే జబ్బు. 1981లో లాస్ ఏంజెలెస్‌లో బయటపడిన మొదటి ఐదుగురు ఎయిడ్స్ రోగుల్లో కనబడింది సరిగ్గా ఇదే. సీడీ4 38. ఆక్సిజన్ మాస్కు కింద నుంచి నా చెయ్యి పట్టుకుని ఏదో అన్నారు, నాకు వినబడలేదు. మళ్ళీ అడగలేదు.

ఊపిరితిత్తులు కోలుకున్నాయి. ఎడమకంట్లో మాత్రం నల్ల చుక్కలు తేలుతున్నాయని అంతకు కొద్ది రోజుల ముందు నుంచీ అంటున్నారు, ఎవరం పట్టించుకోలేదు. అది వేరే వైరస్, ఒంట్లో రక్షణ పూర్తిగా పడిపోయినప్పుడు కంటి లోపలి పొర రెటీనాను తినేస్తుంది. ఆ కన్ను పోయింది. ఇప్పుడు పుస్తకాన్ని కొంచెం పక్కకు తిప్పి కుడికన్నుతో చదువుతారు.

మందు వేసుకుంటున్నారు. డొల్యూటెగ్రావిర్ ఉన్న మాత్రకు మార్చారు, ఆ కలలు పోయాయి. ఆ మార్పేదో మొదటే జరిగి ఉంటే ఫైలు తయారయ్యేదే కాదని నా నమ్మకం. ఆపి ఆపి వేసుకుంటే ఏమవుతుందో చూద్దామని 33 దేశాల్లో 5,472 మందితో స్మార్ట్ అనే పరీక్ష కూడా చేశారు. ఆపినవాళ్ళలో జబ్బులూ మరణాలూ ఎక్కువ కావడంతో 2006 జనవరిలో మధ్యలోనే నిలిపేశారు. అప్పటికే తేలిన విషయం మా ఇంట్లో మళ్ళీ తేలాల్సిన అవసరం లేదు.

మీ స్నేహితుడితో డ్యూస్‌బర్గ్ గురించి వాదించకండి, నేను వాదించి నెల రోజులు పోగొట్టుకున్నాను. మందు ఎక్కడ బాధపెడుతోందో ముందు అడగండి. కలలా, వికారమా, సీసా ఎవరైనా చూస్తారన్న భయమా? అది రాసుకుని, తోడు వెళ్ళి, డాక్టరు తలెత్తేదాకా అక్కడే కూర్చోండి. మందు మార్చడానికి ఇప్పుడు దారులున్నాయి. ఇంకా మానలేదని అతను అంటే ఆ మాట ఒక్కటే నమ్మి వచ్చేయకండి. సీసా తీసి మూత తిప్పి చూడండి. రేకు చిరగకుండా ఉంటే వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చూసేది), సీడీ4 పరీక్షలకు మర్నాడు పొద్దున్నే తీసుకెళ్ళండి. కంట్లో చుక్కలు కనబడుతున్నాయంటే పొద్దుటి దాకా కూడా ఆగకండి.