కొరియా సరే, పాస్‌పోర్ట్ సంగతేంటి?

ప్రశ్న: మేడమ్, మాది ఖమ్మం. ఎం.ఏ. ఇంగ్లిష్ అయ్యాక ఈ ఏడాదే బీఈడీ అయిపోయింది, ఆన్‌లైన్‌లో 120 గంటల టెఫెల్ కోర్సు (ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్ళకి ఇంగ్లిష్ నేర్పే శిక్షణ) కూడా చేశా. ఒక ఏజెంటు 3 లక్షలు కడితే కొరియాలో ఇంగ్లిష్ టీచర్ జాబ్ ఇప్పిస్తా, ముందు టూరిస్ట్ వీసా మీద వెళ్ళి అక్కడ మార్చుకోవచ్చు అంటున్నాడు. అమ్మ గాజులు తాకట్టు పెడదామంటోంది. వెళ్ళమంటారా?

జవాబు: ముందు ఆ గాజులు బీరువాలో పెట్టించండి. కొరియాలో ఇంగ్లిష్ టీచర్లకి ఇచ్చేది ఈ-2 వీసా, అది ప్రధానంగా అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, సౌతాఫ్రికా వాళ్ళకే. 2010లో అమల్లోకొచ్చిన ఇండియా-కొరియా వాణిజ్య ఒప్పందంలో మనవాళ్ళు కూడా అసిస్టెంట్ టీచర్లుగా వెళ్ళడానికి చిన్న సందు ఉంది గానీ, అది స్కూల్ నుంచి కాంట్రాక్ట్ వచ్చి సరైన వీసా పడితేనే, టూరిస్ట్‌గా దిగి పాఠాలు చెప్పడం నేరం. చైనా కూడా ఇంచుమించు ఇదే. మీ గ్రామర్ ఎంత గట్టిదైనా వాళ్ళు చూసేది పాస్‌పోర్ట్ మీద ఏ దేశం ఉందనే, నన్నడిగితే శుద్ధ అన్యాయం, కానీ ఏం చేస్తాం.

థాయ్‌లాండ్, వియత్నాంలో నాన్-నేటివ్ (ఇంగ్లిష్ మాతృభాష కాని) టీచర్లని తీసుకుంటారు, డిగ్రీతో పాటు ఇంగ్లిష్ టెస్ట్ స్కోరు కూడా అడుగుతారు.

నిజంగా మీ బీఈడీకి విలువ ఉండేది గల్ఫ్‌లోనండీ. దుబాయ్, షార్జా, మస్కట్, దోహాల్లో సీబీఎస్‌ఈ స్కూళ్ళు బోలెడున్నాయి, వాళ్ళు టెఫెల్ కన్నా బీఈడీనే ముందు అడుగుతారు, కాకపోతే చాలావాటికి ఒకట్రెండేళ్ళ అనుభవం కూడా కావాలి. అందుకే ఈలోగా ఖమ్మంలోనో హైదరాబాద్‌లోనో సీబీఎస్‌ఈ స్కూల్‌లో చేరిపోండి, జీతం తక్కువైనా సరే, ఎక్స్‌పీరియన్స్ లెటర్, సాలరీ స్లిప్పులు మాత్రం జాగ్రత్తగా దాచుకోండి. మాల్దీవులు కూడా చూడండి, అక్కడ చదువు చాలావరకు ఇంగ్లిష్ మీడియమే, మన దేశం నుంచి టీచర్లు ఎప్పట్నుంచో వెళ్తున్నారు. కాకపోతే పోస్టింగ్ ఏదో చిన్న దీవిలో పడితే సాయంత్రాలు పొద్దుపోదు, అదొక్కటీ ఆలోచించుకోండి.

ఏజెంటు విషయానికొస్తే, లైసెన్స్ ఉన్నవాడు కూడా సర్వీస్ చార్జీ కింద 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకుమించి తీసుకోకూడదు. 3 లక్షలు అన్నాడంటేనే తెలిసిపోతోంది కదా! కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో అతని లైసెన్స్ నంబర్ కొట్టి చూడండి. విదేశీ ఉద్యోగాలకి పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థే టామ్‌కామ్ అని ఉంది, అక్కడ కూడా పేరు నమోదు చేసుకోవచ్చు.

మళ్ళీ కోర్సుకి డబ్బులు పెట్టాలనుంటే ఇంకో ఆన్‌లైన్ సర్టిఫికెట్ వద్దు, సెల్టా (కేంబ్రిడ్జ్ వాళ్ళ ఇంగ్లిష్ టీచర్ సర్టిఫికెట్) చేయండి, అందులో నిజమైన స్టూడెంట్లకి 6 గంటలు పాఠం చెప్పిస్తారు, ఖర్చు మాత్రం గట్టిగానే అవుతుంది.

ఇంకోటి, గల్ఫ్‌కి సర్టిఫికెట్ల అటెస్టేషన్ (అవి అసలైనవేనని ముద్ర వేయించడం) ముందు రాష్ట్రంలో, తర్వాత విదేశాంగ శాఖలో, కొన్ని దేశాలకైతే ఎంబసీలో కూడా చేయించాలి, వారాలు పడుతుంది. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒకలా పాస్‌పోర్ట్‌లో ఇంకోలా ఉంటే మాత్రం పేరు సరిచేయించే పని ఇప్పుడే మొదలుపెట్టండి.