ఊరు ఒకటే, నంబర్లు మాత్రం ఎన్నో

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయానికి సంబంధించినవి. రాష్ట్రానికో నంబరు, జిల్లాకో నంబరు, నియోజకవర్గానికో నంబరు ఉండగా అవి ఒకదానితో ఒకటి ఎందుకు పొసగడం లేదన్నది అందరి సందేహం. అందుకే నాలుగింటికీ ఒకేచోట జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మాది గూడూరు. 2022లో నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చాం. పిన్‌కోడ్ మాత్రం 524101గానే ఉంది, నా పాత స్కూటరు మీద ఏపీ 26 అనే ఉంది. వీటిని మార్పించుకోవాలా? (ఒక పాఠకుడు, గూడూరు)

జవాబు: అక్కర్లేదండీ. మీరు చెప్పిన రెండు నంబర్లలో ఏదీ మీ రెవెన్యూ జిల్లాను చెప్పేది కాదు. అందువల్ల 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు అవి తప్పయిపోలేదు.

పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న మొదలైంది. మొదటి అంకె 5 అయితే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకల్లో ఏదో ఒకటి. మొదటి మూడు అంకెలు కలిపి చదివితే ఉత్తరాలను ఏ ప్రాంతం కింద విడదీయాలో తెలుస్తుంది, చివరి మూడు బట్వాడా చేసే పోస్టాఫీసును చెబుతాయి. అంటే 524 అన్నది నెల్లూరు వైపు వెళ్ళే ఉత్తరాల సంచికి గుర్తే తప్ప, నెల్లూరు కలెక్టరు అధికార పరిధికి గుర్తు కాదు. ఈరోజు తిరుపతి జిల్లాలో తిరుపతి నగరం 517501, శ్రీహరికోట 524124. ఒకే జిల్లాలో రెండు వరుసలున్నా పోస్టుమాన్‌కు ఇబ్బందేమీ లేదు, ఎందుకంటే ఆయన చూసేది సంచినే గాని జిల్లా పటాన్ని కాదు.

బండి నంబరు సంగతి వేరు. ఏపీ 03 చిత్తూరు, ఏపీ 26 నెల్లూరు అన్నవి బండి ఏ జిల్లాలో రిజిస్టరైందో చెప్పే గుర్తులు. అది జరిగిపోయిన విషయం, తర్వాత జిల్లా మారినంత మాత్రాన మారదు. పైగా 2019 జనవరి నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 అనే ఒకే వరుస పెట్టారు. అందుకే 2022లో పుట్టిన తిరుపతి జిల్లాకు తనదంటూ ఒక బండి నంబరు ఎన్నడూ లేదు.

మీరు అడగకపోయినా ఇంకొక మాట చెప్పాలి. 2008 నాటి నియోజకవర్గాల పునర్విభజన ఉత్తర్వు ప్రకారం గూడూరు తిరుపతి లోక్‌సభ స్థానంలోనే ఉంది. మీకు కలెక్టరు నెల్లూరులో ఉన్న రోజుల్లోనే మీ ఎంపీ తిరుపతి ఎంపీ. సర్వేపల్లి ఇప్పటికీ నెల్లూరు జిల్లాలోనే ఉంది, ఓటు మాత్రం తిరుపతి లోక్‌సభకు. తిరుపతిని ఆనుకొని, అదే జిల్లాలో ఉన్న చంద్రగిరి వాళ్ళు చిత్తూరు లోక్‌సభకు ఓటు వేస్తారు. జిల్లాల సరిహద్దును రాష్ట్ర ప్రభుత్వం ఒక నోటిఫికేషన్‌తో మార్చగలదు, నియోజకవర్గం సరిహద్దును మార్చలేదు. దానికి మళ్ళీ పునర్విభజన జరగవలసిందే.

ప్రశ్న: తిరుపతిలో మాకు చిన్న కిరాణా హోల్‌సేల్ దుకాణం ఉంది. మా జీఎస్టీ నంబరు 37తో మొదలవుతుంది. ఈమధ్య ఒక ప్రభుత్వ దరఖాస్తులో ఆంధ్రప్రదేశ్ ఎంచుకుంటే రాష్ట్ర కోడ్ 28 అని వచ్చింది. ఏది తప్పు? (ఒక వ్యాపారి, తిరుపతి)

జవాబు: రెండూ సరైనవే. ఒక్కొక్కటి ఒక్కొక్క జాబితాలోది.

28 అన్నది జనగణన వారు ఇచ్చిన సంఖ్య. 2011 జనగణనలో జమ్మూకశ్మీరుకు 01 ఇచ్చి, ఉత్తరం నుంచి దిగివస్తూ మహారాష్ట్రకు 27, మనకు 28, కర్ణాటకకు 29, తమిళనాడుకు 33 ఇచ్చి, అండమాన్ నికోబార్ 35తో ముగించారు. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడినప్పుడు దానికి తర్వాతి సంఖ్య 36 వచ్చింది. ఇంతవరకు ఎవరికీ తేడా లేదు. మిగిలిన ఆంధ్రప్రదేశ్‌ను ఏమనాలి అన్న దగ్గరే దారులు వేరయ్యాయి. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నిర్వహించే స్థానిక ప్రభుత్వాల డైరెక్టరీ, అంటే కార్యాలయాల్లో ఎల్‌జీడీ అని పిలిచేది, పేరు కొనసాగుతోంది కాబట్టి 28నే కొనసాగించింది. పన్నుల జాబితాలో మాత్రం 28ని విభజనకు ముందున్న ఉమ్మడి రాష్ట్రానికే ఉంచి, విభజన తర్వాతి రాష్ట్రానికి కొత్తగా 37 ఇచ్చారు. మీ జీఎస్టీ నంబరు మొదట ఉన్నది అదే.

2019లో లద్దాఖ్ కేంద్రపాలిత ప్రాంతమైనప్పుడు ఈ తేడా ఇంకొంచెం పెరిగింది. ఎల్‌జీడీలో తర్వాతి ఖాళీ సంఖ్య 37, దాన్ని లద్దాఖ్‌కు ఇచ్చారు. పన్నుల జాబితాలో 37 మనది కాబట్టి లద్దాఖ్‌కు 38 వచ్చింది. అంటే మీ బిల్లు మీద 37 ఆంధ్రప్రదేశ్, ఆ దరఖాస్తు లోపల 37 లద్దాఖ్. దరఖాస్తులో చేత్తో కోడ్ రాయవలసి వస్తే జీఎస్టీ నంబరు చూసి 37 వేయకండి.

ఈ రెండు పద్ధతుల్లో ఏది మెరుగని అడిగితే, లెక్కలు పోల్చేవారి పక్షాన నేను పన్నుల జాబితా పద్ధతినే సమర్థిస్తాను. విస్తీర్ణం మారితే సంఖ్య కూడా మారాలి. అలా మారితే పాత పట్టికలోని 28ని, కొత్త పట్టికలోని 37ను చూడగానే ఇవి వేరువేరు ప్రాంతాలని తెలిసిపోతుంది. బ్రిటన్‌లో గణాంక శాఖ చేసేది ఇదే. 2013లో గేట్స్‌హెడ్ సరిహద్దు కొద్దిగా జరిగితే, పేరు అదే ఉన్నా కొత్త కోడ్ ఇచ్చారు. దీనికి ఉల్టాగా జరిగిన ఉదాహరణ అమెరికాలో ఉంది. ఫ్లోరిడాలోని డేడ్ కౌంటీ 1997లో మయామీ డేడ్‌గా పేరు మార్చుకుంది. భూమి అంగుళం కూడా జరగలేదు. అక్కడి నంబర్లు ఇంగ్లీషు అక్షరక్రమంలో నడుస్తాయి కాబట్టి, వరుస చెడకూడదని 025ను 086గా మార్చారు. సంఖ్యలో అక్షరక్రమమో దిక్కుల క్రమమో దాచిపెడితే, ఆ క్రమాన్ని కాపాడడానికే సంఖ్యను బలిపెట్టవలసి వస్తుంది. తెలంగాణ విషయంలో అక్షరాల కోడ్‌కు జరిగింది కూడా చూడండి. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ మొదట టీజీ అని పెట్టింది. రాష్ట్రంలో బండ్లకు టీఎస్ వాడారు. 2023 నవంబరులో ఆ సంస్థ కూడా టీఎస్‌కు మారింది. నాలుగు నెలలకు, 2024 మార్చిలో, రాష్ట్రం టీజీకి మారింది. ఏ అర్థమూ లేని సంఖ్యే మంచి సంఖ్య అని నేను నమ్ముతాను, దాన్ని మార్చాలని ఎవరికీ అనిపించదు.

ప్రశ్న: పాత పత్రికల్లో కుప్పం నియోజకవర్గం నంబరు 294 అని ఉంటుంది. ఇప్పుడు 175 అంటున్నారు. ఎప్పుడు మారింది? (ఒక పాఠకుడు, కుప్పం)

జవాబు: రాష్ట్ర విభజనతో మారింది. 2008 ఉత్తర్వులో సిర్పూరు 1 నుంచి భద్రాచలం 119 వరకు తెలంగాణ ప్రాంతం, ఇచ్ఛాపురం 120 నుంచి కుప్పం 294 వరకు ఆంధ్ర, రాయలసీమలు. తెలంగాణ విడిపోయాక మనవైపు ప్రతి అసెంబ్లీ నంబరులోనూ 119 తగ్గింది. తిరుపతి 286 కాస్తా 167 అయింది. లోక్‌సభ స్థానాలకు తగ్గినది 17, కాబట్టి తిరుపతి 40 నుంచి 23కు, చిత్తూరు 42 నుంచి 25కు వచ్చాయి. 2014 ఎన్నికలు విభజన అమలుకు ముందే జరిగాయి కనుక అప్పటి ఫలితాల్లో పాత నంబర్లే ఉంటాయి.

ప్రశ్న: నేను తిరుపతిలో పరిశోధన చేస్తున్నాను. ఉమ్మడి చిత్తూరు ప్రాంతపు జనాభా లెక్కలను, 2009 నుంచి 2024 వరకు ఎన్నికల ఫలితాలను ఒకే పట్టికలోకి తేవాలి. పేర్లతో కలపాలా, కోడ్‌లతోనా? (ఒక పరిశోధక విద్యార్థిని, తిరుపతి)

జవాబు: పేరు మీద ఆధారపడకండమ్మా. హమీర్‌పూర్ అనే జిల్లా హిమాచల్‌లో ఒకటి, ఉత్తరప్రదేశ్‌లో ఒకటి ఉన్నాయి. బిలాస్‌పూర్ హిమాచల్‌లోనూ ఉంది, ఛత్తీస్‌గఢ్‌లోనూ ఉంది. అంత దూరం ఎందుకు, మన పక్కనే నెల్లూరు ఒక పట్టికలో నెల్లూరుగా, మరొకదానిలో శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరుగా ఉంటుంది. మన చిత్తూరు జిల్లాలోనేమో గంగాధర నెల్లూరు అనే నియోజకవర్గం ఉంది. పేర్లతో కలిపితే కంప్యూటరు వీటిలో కొన్నింటిని వదిలేస్తుంది, కొన్నింటిని తప్పుగా అతికిస్తుంది.

అలాగని కోడ్ ఒక్కదాన్నీ నమ్మకూడదు. ఎన్నికల నంబర్లతో నేరుగా కలిపితే ఏమవుతుందో చూడండి. 2009, 2014లలో 120 అంటే శ్రీకాకుళం కొసన ఉన్న ఇచ్ఛాపురం. 2019, 2024లలో 120 అంటే గూడూరు. మీ పట్టికలో ఒడిశా సరిహద్దు ఓట్లు వచ్చి గూడూరు లెక్కలో కూర్చుంటాయి. ఎక్కడా ఎర్ర గీత పడదు, మొత్తాలు కూడా సరిపోతాయి. అందువల్ల ప్రతి సంఖ్య పక్కన రెండు గళ్ళు అదనంగా పెట్టండి, ఒకదానిలో ఆ సంఖ్య ఏ జాబితాలోది అని, రెండోదానిలో ఏ ఏటిది అని రాయండి. 2001 జనగణనలో చిత్తూరు రాష్ట్రంలోపల 23వ జిల్లా. 2011లో దేశమంతా కలిపి 640 జిల్లాలకు వరుసగా సంఖ్యలిచ్చారు, అందులో చిత్తూరు 554. ఎల్‌జీడీలో 503. మూడూ మన చిత్తూరే.

సున్నాల విషయంలో మరీ జాగ్రత్త. చాలా ఏళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక కార్యాలయంలో 2001 జిల్లా కోడ్‌లను ఎక్సెల్‌లోకి ఎక్కించాం. 01 అని కొట్టిన ఆదిలాబాద్, గడి దాటగానే 1 అయింది. తర్వాత ఎవరో ఆ గడులను అక్షరాలుగా మార్చి వరుస పెట్టారు. అప్పుడు 1 తర్వాత 10, 11 అని 19 దాకా వచ్చి, ఆ తర్వాత 2, 20, 21, 22, 23, చివరికి 3 నుంచి 9 దాకా వచ్చాయి. చివరన ఉండవలసిన చిత్తూరు 16వ వరుసలోకి ఎక్కింది. పక్కనే సరైన వరుసలో ఉన్న పేర్ల పట్టికను అతికించేసరికి మన జిల్లా అంకెలు కృష్ణా జిల్లా పేరు ఎదుట నిలిచాయి. అచ్చుకు వెళ్ళేముందు దాన్ని పట్టుకున్నది ఒక సీనియర్ అసిస్టెంటు. కృష్ణా జిల్లాలో మదనపల్లె రెవెన్యూ డివిజన్ ఎక్కడిదయ్యా అని ఆయన అడిగితే తప్ప మాకెవరికీ కనిపించలేదు. కోడ్ గడిని మొదటే టెక్స్ట్‌గా పెట్టి, సున్నాలతో సహా నింపుకోండి.

ఇక అసలు కష్టం విస్తీర్ణానిది. చిత్తూరు అనే పేరు 1911 ఏప్రిల్ 1న జిల్లాగా ఏర్పడిన నాటి నుంచి ఉన్నా, 1960లో తిరుత్తణి ప్రాంతం మద్రాసు రాష్ట్రంలోకి పోయింది. 2022లో తిరుపతి, శ్రీకాళహస్తి, సత్యవేడు, చంద్రగిరి వైపు భాగాలు తిరుపతి జిల్లాకు, మదనపల్లె, పీలేరు, తంబళ్ళపల్లె అన్నమయ్య జిల్లాకు వెళ్ళాయి. 2011 జనగణన చెప్పిన 41,74,064 జనాభా ఆనాటి 66 మండలాల చిత్తూరుది. దాన్ని 2022 తర్వాతి చిత్తూరు జిల్లా అంకెల పక్కన పెడితే, మనుషులు ఎక్కడికీ పోకుండానే జనాభా సగానికి పడిపోయినట్టు కనిపిస్తుంది.

కాబట్టి జిల్లా స్థాయిలో కాకుండా మండల స్థాయిలో మొదలుపెట్టండి. 2011 మండలాల జాబితా ముందేసుకొని, ఒక్కొక్కదాని ఎదుట జనగణన కోడ్, ఎల్‌జీడీ కోడ్, 2022కు ముందు జిల్లా, తర్వాత జిల్లా రాసుకోండి. గ్రామాల దాకా వెళ్ళవలసి వస్తే 2011లో ప్రతి గ్రామానికీ దేశంలో మరెక్కడా రాని ఆరు అంకెల సంఖ్య ఇచ్చారు, అది మీకు బాగా అక్కరకు వస్తుంది. 2022లో ఏర్పడిన నాటి తిరుపతి జిల్లా మొత్తం కావాలంటే గూడూరు, సూళ్ళూరుపేట, వెంకటగిరి వైపు మండలాలను 2011 నెల్లూరు, అంటే 550 కింద వెతకాలి, 554 కింద దొరకవు. ఎన్నికల అంకెలకు మండలం ఆధారం చాలదు, ఒక మండలం రెండు నియోజకవర్గాల్లో పడే చోట్లు ఉంటాయి. అక్కడ పోలింగ్ కేంద్రాల జాబితా చూసి గ్రామం గ్రామంగా విడదీయాలి. ఆ పని ముందు చంద్రగిరి, తిరుపతి నియోజకవర్గాలతో మొదలుపెట్టండి. నగరం పెరిగి రెండింటి ఇళ్ళు కలిసిపోయిన చోట అది, మీ పట్టికలో అతుకు ఎంత గట్టిగా పడిందో అక్కడే తెలుస్తుంది.