ఎలుకలో అండం విడుదలకు పిట్యూటరీతో పనేంది?

మిర్యాలగూడలో డిగ్రీ జువాలజీ చదివే తమ్ముడి ప్రశ్న: అండం ఉండేది అండాశయంలో కదా, మరి మెదడు కింది గ్రంథితో ఏం పని?

ఆజ్ఞ వచ్చేది అక్కడినుంచే తమ్మీ. ఆడ ఎలుకలో అండం విడుదలయ్యే చక్రం 4-5 రోజులే. ప్రోఈస్ట్రస్ (అండం విడుదలకు ముందురోజు) నాటికి ఎదిగిన ఫాలికిల్స్ (అండాలుండే సంచులు) ఈస్ట్రోజెన్ బాగా వదులుతాయి. మామూలుగా పిట్యూటరీని అణచిపెట్టే ఈ హార్మోనే, ఎక్కువై కొంతకాలం నిలిస్తే ఉల్టా ఉసిగొల్పుతుంది. చాలామంది తికమకపడేది ఇక్కడే. అప్పుడు పిట్యూటరీకి పైనుండే మెదడు భాగం హైపోథాలమస్, జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్‌ను దానికి పంపుతుంది. ఆ మధ్యాహ్నం పిట్యూటరీ నుంచి అండాన్ని విడుదల చేయించే హార్మోన్ ఎల్‌హెచ్ సాగర్ గేట్లెత్తినట్టు దూకుతుంది. తెల్లారేలోపు అండాలు బయటపడతాయి.

1950లో ఎవరెట్, సాయర్ అనే శాస్త్రవేత్తలు సరిగ్గా ఆ మధ్యాహ్నం 2 గంటలకు ముందే ఎలుకలకు బార్బిట్యురేట్ మత్తిచ్చి చూశారు. అండోత్సర్గం ఇంచుమించు 24 గంటలు వాయిదా పడింది! అంటే వేళ చూసేది మెదడులోని గడియారం. ఇవన్నీ ల్యాబ్ ఎలుకల ముచ్చట్లు, మన వరి మళ్లవి కావు.