డబ్బు పెట్టినంత మాత్రాన క్లబ్బు ప్రెసిడెంటు సొత్తు కాదు

ప్రశ్న: మాది గుంటూరు. 2014లో సొసైటీగా రిజిస్టర్ చేసిన చిన్న ఫుట్‌బాల్ క్లబ్బుకు నేను ట్రెజరర్‌ని. మా ప్రెసిడెంటు గారు మిర్చి వ్యాపారి, కిట్లకీ టోర్నమెంట్లకీ ఇన్నేళ్లలో పదకొండు లక్షల దాకా పెట్టారు. ఇప్పుడు "క్లబ్బు నాదే, విజయవాడ పార్టీకి అమ్మేస్తున్నా" అంటున్నారు. కోచ్‌కు ఆరు నెలల జీతం బాకీ. స్పోర్ట్స్ షాపులో నేను సంతకం పెట్టిచ్చిన క్లబ్బు ఖాళీ చెక్కు ఉంది. ఇవన్నీ నా నెత్తిన పడతాయా?

జవాబు: ముందు చెక్కు సంగతి చూడండి, మీరు నిజంగా టెన్షన్ పడాల్సింది దాని గురించే. ఖాతా క్లబ్బుదే అయినా సంతకం మీది కాబట్టి, చెక్కు బౌన్స్ అయితే 138 సెక్షన్ కేసులో క్లబ్బుతో పాటు మిమ్మల్నీ నిందితుడిగా చేర్చవచ్చు. "అంకె నేను వేయలేదండీ" అంటే సరిపోదు, సంతకం పెట్టి ఇచ్చిన ఖాళీ చెక్కును వేరేవాళ్లు నింపినా అది బాకీ కోసమే ఇచ్చారని కోర్టు మొదట అనుకుంటుందని సుప్రీంకోర్టు 2019లో తేల్చింది. స్టాప్ పేమెంట్ పెడితే, అంటే చెక్కుకు డబ్బివ్వొద్దని బ్యాంకుకు చెబితే, తప్పించుకోవచ్చని ఎవరో ఒకరు చెబుతారు, నమ్మకండి. బౌన్స్ అయిన సమాచారం బ్యాంకు నుంచి అందిన 30 రోజుల్లో షాపువాళ్లు నోటీసు ఇవ్వాలి, అది మీకు చేరాక కట్టడానికి 15 రోజులు ఉంటాయి. అంతదాకా ఎందుకు, ఈ వారమే షాపుకెళ్లి బిల్లులు లెక్క చూసి, కొంత కట్టి, మిగతాదానికి వాయిదాలు కాగితం మీద రాసుకుని చెక్కు వెనక్కి తీసుకోండి.

కోచ్ జీతం వేరే. రిజిస్టరైన సొసైటీ చట్టం దృష్టిలో విడి వ్యక్తి, దాని బాకీ దానిదే. మీరు సొంతంగా హామీ రాసివ్వకపోతే ఆయన దావా వేయాల్సింది క్లబ్బు మీదే. అలాగని ఆయన్ని తిప్పించుకోకండి, ఇన్నాళ్లూ పొద్దున్నే గ్రౌండుకొచ్చి పిల్లల్ని ఆడించింది ఆయనే కదా.

ఇక "నాదే" అన్న మాట. సొసైటీకి ఓనరంటూ ఉండరు, సభ్యులుంటారు, కమిటీ ఉంటుంది. హైదరాబాద్ ఎఫ్‌సీ లాంటిది కంపెనీ, అందుకే 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) గెలిచిన ఆ జట్టు జీతాల గొడవల్లో పడి, యాజమాన్యం మారి, చివరికి ఢిల్లీకి తరలిపోగలిగింది. ఇంగ్లండ్‌లో బరీ క్లబ్బును 2018 డిసెంబరులో ఒకాయన ఒక్క పౌండుకు కొన్నాడు, బాకీల చిక్కు తేలక 2019 ఆగస్టులో దాన్ని లీగ్ నుంచే తీసేశారు. అక్కడ చేతులు మారడానికి షేర్లున్నాయి. మీ ప్రెసిడెంటు దగ్గర అమ్మడానికి ఏముంది? క్లబ్బు ఆస్తి ఏదైనా పోవాలంటే బైలాస్, అంటే క్లబ్బు సొంత నిబంధనల ప్రకారం తీర్మానం కావాలి.

ఆయన పెట్టిన పదకొండు లక్షలు విరాళమా, అప్పా అన్నది మినిట్స్ బుక్, ఆడిట్ లెక్కలు చెప్పాలి. విరాళమైతే ధన్యవాదాలు చెప్పి ఊరుకోవడమే. అప్పైతే ఆయన అడగొచ్చు, కానీ మామూలుగా ఇచ్చిన రోజు నుంచి మూడేళ్లే గడువు. ఆ గడువులోపు మీరు సంతకం పెట్టిన బ్యాలెన్స్ షీటులో దాన్ని అప్పుగా చూపించి ఉంటే మాత్రం అది అప్పును ఒప్పుకున్నట్టేనని, అక్కణ్ణుంచి మళ్లీ మూడేళ్లు లెక్కేయాలని ఆయన లాయరు వాదిస్తాడు. అందుకే పాత ఫైళ్లు తీసి ఓసారి మీరే చదవండి. ఇంకో మాట, ఇరవై వేలూ ఆపైన అప్పు నగదుగా తీసుకుంటే ఆదాయపు పన్ను చట్టం కింద పెనాల్టీ తీసుకున్నవాళ్లకే, అంటే క్లబ్బుకి.

జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో బైలాస్, ఏటా దాఖలు చేసిన కమిటీ జాబితాల సర్టిఫైడ్ కాపీలు తీసుకోండి. చాలా క్లబ్బులు మొదటి రెండేళ్లు జాబితా ఇచ్చి వదిలేస్తాయి, మీదీ అదే కథైతే ఇప్పుడు కమిటీ ఎవరన్నదే గొడవవుతుంది. తర్వాత బైలాస్‌లో ఉన్న పద్ధతిలో జనరల్ బాడీ పిలిపించండి. ఆయన వినకుండా విజయవాడ వాళ్లతో కాగితాలు రాసుకోబోతే, ఏపీ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001, సెక్షన్ 23 కింద ఏ సభ్యుడైనా జిల్లా కోర్టుకు వెళ్లొచ్చు, స్టే అడగొచ్చు. ఈలోగా ఆ కొనే పార్టీకి కూడా ఒక రిజిస్టర్డ్ పోస్టు పంపండి, బాకీల వివరాలతో సహా. సగం బేరాలు ఆ ఉత్తరంతోనే ఆగిపోతాయి.