ఎల్1 కంటే ఎల్4 నంబర్ బాగుంటే నడుము కింది ఎముక గట్టిగా ఉన్నట్టేనా? మా అమ్మ రిపోర్టుతో నాకు తెలిసింది

మీరు అడిగింది ఇదీ: ఎముక చిక్కదనం కొలిచే డెక్సా స్కాన్‌లో మీ అమ్మగారికి ఎల్1 కన్నా ఎల్4 నంబర్ చాలా మెరుగ్గా వచ్చింది (నడుము పూసలకి పైనుంచి కిందికి ఎల్1 నుంచి ఎల్5 అని పేర్లు), అంటే నడుములో కిందికి వచ్చేకొద్దీ ఎముక గట్టిగా ఉంటుందా అని. నేను డాక్టర్ని కాదు. కానీ సరిగ్గా ఈ తేడానే పట్టించుకోక మేం ఒకసారి దెబ్బతిన్నాం కాబట్టి రాస్తున్నాను.

అప్పుడు మా అమ్మకి 66 ఏళ్లు. టి స్కోర్లు ఎల్1 మైనస్ 2.9, ఎల్2 మైనస్ 2.7, ఎల్3 మైనస్ 2.1, ఎల్4 మాత్రం మైనస్ 0.4. అడుగున టోటల్ మైనస్ 2.0, పక్కనే ఆస్టియోపీనియా, అంటే ఎముక కాస్త పల్చబడింది, అని ఉంది. వయసులో ఉన్నవాళ్ల ఎముకతో పోల్చి ఇచ్చే నంబరే టి స్కోర్, మైనస్ 2.5కి గానీ ఇంకా కిందికి గానీ పోతేనే ఎముకలు గుల్లబారినట్టు లెక్క. అంతదాకా రాలేదు కదా అని కాల్షియం బిళ్లలు తెచ్చిచ్చి ఊరుకున్నాం. ఎనిమిది నెలలకి ఆటోలో వెనక కూర్చుని వస్తుంటే స్పీడ్ బ్రేకర్ దగ్గర ఒక్క ఎగురు ఎగిరి కూలబడింది, అంతే, ఎల్1 పైభాగం కుంగిపోయింది.

ఎముకల డాక్టర్ పాత రిపోర్టు చూసి ముందు అడిగింది "ఏ ఊరమ్మా మీది?" అని. కనిగిరి వైపు అనగానే ఎక్స్‌రే మళ్లీ లైటు మీద పెట్టి చూశారు. మా వైపు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి కొత్తదేం కాదు, అప్పట్లో మాదంతా నెల్లూరు జిల్లా, అక్కడి ఫ్లోరోసిస్ గురించి 1937లోనే డాక్టర్లు రాశారు. ఫ్లోరైడ్ పట్టిన వెన్నెముక స్కాన్‌లో చిక్కగా, దిట్టంగా కనిపిస్తుందట, కానీ పెళుసు. నంబర్ ఎక్కువుంటే ఎముక బలంగా ఉన్నట్టు కాదని నాకు మొదటిసారి తెలిసింది అక్కడే. అయితే "ఫ్లోరైడ్ అయితే అన్ని పూసలూ పెరగాలి, ఒక్క ఎల్4 ఎందుకు పెరుగుతుంది, ఇది అరుగుదల" అన్నారాయన. ఎల్4 అంచుల్లో ముళ్లలా ఎముక మొలిచింది, వెనక కీళ్లు మందమయ్యాయి. స్కాన్ మిషన్‌కి ఇదంతా ఎముక కిందే లెక్క. కడుపులో పూసల ముందు నుంచి దిగే పెద్ద రక్తనాళంలో కాల్షియం పేరుకున్నా దాన్ని కూడా కలిపేసుకుంటుంది.

అరుగుదల లేనివాళ్లకి కూడా ఎల్1 నుంచి ఎల్4కి ఎముక చిక్కదనం నంబర్ (టి స్కోర్ కాదు, రిపోర్టులో గ్రాముల్లో ఇచ్చేది) కొంచెం పెరగడం మామూలే. ఎందుకంటే డెక్సా కొలిచేది చదరపు సెంటీమీటరుకి ఎన్ని గ్రాములు అని, పూస మందం దానికి తెలియదు. కిందికి వచ్చేకొద్దీ మోయాల్సిన బరువు ఎక్కువ కాబట్టి పూసలు పెద్దవవుతాయి, మందమైన దాని నీడ చిక్కగా పడుతుంది. సీటీ స్కాన్‌లో లోపలున్న స్పాంజిలాంటి ఎముకని విడిగా కొలిస్తే ఎల్1 కన్నా ఎల్3 కాస్త తక్కువగా కూడా రావచ్చు. అంటే కింది పూస బరువు మోసేది పెద్దదవడం వల్ల, లోపలి ఎముక చిక్కబడటం వల్ల కాదు. ఎల్5ని అసలు లెక్కలోకే తీసుకోరు, దాని ఆకారం వేరు, పక్కన కటి ఎముకలు అడ్డం.

ఒక్క పూసలో కూడా గట్టిదనం అంతటా ఒకేలా ఉండదు, ఇది నాకు భలే అనిపించింది. రెండు పూసల మధ్య మెత్తగా ఉండే డిస్క్ ఆనుకునే పలక నడిమధ్యలో పల్చగా, బలహీనంగా ఉంటుంది, అంచుల్లో, ముఖ్యంగా వెనక మూలల్లో గట్టి. పై పలక కన్నా కింది పలక గట్టిది. అమ్మకి కుంగింది కూడా పై పలకే. మరి ఎల్1 ఎందుకంటే, పక్కటెముకలతో బిగుసుకున్న పైవెన్ను ఆగిపోయి, వంగే నడుము మొదలయ్యేది అక్కడే. కుదుపు వస్తే ఆ మలుపు దగ్గరే పడుతుంది.

ఇక మీ రిపోర్టు సంగతి. పక్కపక్క పూసల టి స్కోర్ల మధ్య తేడా 1 దాటితే, ఆ తేడాగా ఉన్న పూసని వదిలేసి మిగతావాటితో లెక్క కట్టాలి, కనీసం రెండు మిగలాలి. అమ్మకి ఎల్3కీ ఎల్4కీ 1.7 తేడా! ఎల్4 తీసేస్తే దాదాపు మైనస్ 2.6, అంటే గుల్లబారినట్టే. స్కాన్ సెంటర్ వాళ్లు కట్టలేదు, మాకు తెలియలేదు. తుంటి కూడా తీసుంటే తెలిసేదేమో, డబ్బులు కలిసొస్తాయని మేమే నడుము ఒక్కటే తీయించాం (ఇది మా తెలివి).

మీరు తుంటి స్కాన్ కూడా ఉందేమో చూడండి, లేకపోతే తీయించండి. ఇంతకుముందు కుంగిన పూస ఉంటే దాన్ని కూడా లెక్కలోంచి తీసేయమని అడగండి, కుంగినది చిన్నదై చిక్కగా కనిపించి నంబర్ బాగున్నట్టు చూపిస్తుంది. అమ్మకి ఇప్పుడు ఏడాదికోసారి సెలైన్‌లా ఎక్కించే మందు ఇస్తున్నారు, మీ అమ్మగారికి ఏది పడుతుందో డాక్టరే చెప్పాలి. మళ్లీ స్కాన్ తీయిస్తే అదే సెంటర్లో, అదే మిషన్ మీద తీయించండి, మిషన్ మారితే పాత నంబర్‌తో పోల్చడానికి ఉండదు.