అమ్మాయికి 21 నిండేలోపు గ్రీన్ కార్డ్ రాకపోతే?

ప్రశ్న: మా అబ్బాయి 13 ఏళ్లుగా అమెరికాలో హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నాడు. గ్రీన్ కార్డ్‌కి ఈబీ-2 అనే ఉద్యోగుల కేటగిరీలో ప్రయారిటీ డేట్ (క్యూలో చేరిన తేదీ) 2017. మనవరాలిని నాలుగేళ్లప్పుడు తీసుకెళ్లారు, పోయిన నెల 17 నిండాయి. మనవడు అక్కడే పుట్టాడు, 11 ఏళ్లు, సిటిజన్. వాడి ద్వారా అక్కకు గ్రీన్ కార్డ్ వస్తుందా? లేదంటే అమ్మాయిని తెచ్చి విజయవాడలో ఇంటర్‌లో చేర్పించమంటారా?
- రిటైర్డ్ లెక్చరర్, బ్రాడీపేట, గుంటూరు

మాస్టారూ, ముందు మనవడి సంగతి తేల్చేద్దాం. వాడికి 21 నిండాక అమ్మానాన్నలకు పిటిషన్ వేస్తే దానికి క్యూ ఉండదు. అక్కకు మాత్రం తోబుట్టువులకుండే ఎఫ్-4 కేటగిరీలో వేయాలి. అక్కడ మనవాళ్ల వరస పదిహేనేళ్ల పైమాటే. ఆ ఆశ వదిలేయండి.

హెచ్-1బీ వాళ్ల కుటుంబానికిచ్చే హెచ్-4 మీద పిల్లలు ఉండగలిగేది 21 నిండేదాకానే. తండ్రి గ్రీన్ కార్డ్‌లో చేరడానికీ అదే గీత. ఏటా ఇచ్చే కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతమే అన్న రూలు వల్ల మనవాళ్ల క్యూ కదలదు. ఎవరి వంతు వచ్చిందో అమెరికా ప్రభుత్వం ప్రతినెలా చెప్పేదే వీసా బులెటిన్. 2025 అక్టోబరు బులెటిన్‌లో ఇండియా ఈబీ-2 తేదీ 2013 ఏప్రిల్ 1, అంటే అంతకుముందు క్యూలో చేరినవాళ్ల వంతే వచ్చింది. మీవాడిది 2017. ఆ తేదీ ఒక్కోసారి ముందుకు దూకుతుంది, ఒక్కోసారి వెనక్కీ పోతుంది. నాలుగేళ్లలో రాదనే అనుకుని ప్లాన్ చేసుకోండి, వస్తే సంతోషం.

2002లో వచ్చిన సీఎస్‌పీఏ (చైల్డ్ స్టేటస్ ప్రొటెక్షన్ యాక్ట్) చట్టం గ్రీన్ కార్డ్ లెక్కకు పిల్లల వయసులో కొంత తగ్గిస్తుంది. క్యూలో కూర్చున్న ఏళ్లన్నీ తీసేస్తారని చాలామంది అనుకుంటారు. కాదు, ఐ-140 పిటిషన్ (గ్రీన్ కార్డ్ కోసం కంపెనీ వేసేది) ఇమిగ్రేషన్ ఆఫీసులో పెండింగ్‌లో ఉన్న రోజులే తీసేస్తారు. ఎనిమిది నెలలు పడితే అమ్మాయికి 21 ఏళ్ల ఎనిమిది నెలల దాకా గడువు దొరికినట్టు. పటమట నుంచి వచ్చిన ఒకాయన త్వరగా తేల్చడానికి ప్రీమియం ఫీజు కట్టి పది రోజుల్లో అప్రూవల్ తెచ్చుకున్నామని ఎంతో సంబరంగా చెప్పారు. మీ అమ్మాయికి తగ్గేది ఆ పది రోజులేనండీ అన్నాను. ఆయన మొహం చూడలేకపోయాను. మీ అబ్బాయిని ఐ-797 కాగితం (ఐ-140 అప్రూవల్ నోటీసు) తీసి అప్లికేషన్ అందిన తేదీ, అప్రూవ్ అయిన తేదీ చూడమనండి.

గ్రీన్ కార్డ్ రాకపోతే ఎఫ్-1 స్టూడెంట్ వీసాకు మారాలి. దరఖాస్తు 21 నిండకముందే పడాలి. చివరి నెలదాకా ఆగకుండా ఓ ఆరునెలల ముందే మొదలుపెట్టమనండి. కాలేజీలో చేరగానే మారొచ్చు కూడా, దానికీ ఒక కారణం ఉంది. హెచ్-4 మీదున్న పిల్లలు జీతమిచ్చే ఇంటర్న్‌షిప్ కూడా చేయకూడదు. క్లాసులో అందరూ సమ్మర్ ఉద్యోగాలకు వెళ్తుంటే ఈ పిల్ల ఇంట్లో కూర్చోవాలి. అయితే కొన్ని రాష్ట్రాల్లో హెచ్-4 వాళ్లకు లోకల్ ఫీజు ఇస్తారు, ఎఫ్-1కి మారితే అది పోవచ్చు. కాలేజీని అడిగాకే కదలాలి. ఫెడరల్ సాయం ఈ రెండింట్లో దేనికీ రాదు.

అమ్మాయికి ఏ సబ్జెక్టు ఇష్టమో మీరు రాయలేదు. అడగండి. డిగ్రీ అయ్యాక ఓపీటీ (ఎఫ్-1 విద్యార్థులకిచ్చే పని అనుమతి) కింద 12 నెలలు పని చేయొచ్చు, కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) జాబితాలో ఉంటే ఇంకో 24 నెలలు. ఆ మూడేళ్లలో హెచ్-1బీ లాటరీకి రెండు మూడు అవకాశాలు దొరుకుతాయి. అలాగని కోడింగ్ ఇష్టం లేని పిల్లను కంప్యూటర్ సైన్స్‌లోకి తోయొద్దు. ఎకనామిక్స్ ఇష్టమైతే ఎకనామెట్రిక్స్ (గణాంకాలతో చేసే ఎకనామిక్స్) ఉన్న కోర్సు చూడమనండి, అది స్టెమ్‌లోనే ఉంది.

ఇంటర్ విషయంలో నా మాట సూటిగా చెప్తాను, వద్దు. నాలుగేళ్లప్పుడు వెళ్లిన పిల్లను పదిహేడేళ్లకు తెచ్చి, రాత్రి పదిదాకా స్టడీ అవర్ నడిచే హాస్టల్లో పడేస్తే తట్టుకోలేదు. పైగా ఎన్‌ఐటీల్లో డాసా (విదేశాల్లో చదివిన పిల్లలకుండే కోటా) కింద సీటు కావాలంటే పదకొండు, పన్నెండు తరగతులు విదేశంలో చదివి ఉండాలి. ఇక్కడికి తెస్తే ఆ దారీ మూసుకుపోతుంది. అక్కడే పన్నెండు పూర్తి చేయనిచ్చి, ఇష్టముంటే జేఈఈ మెయిన్ రాయించండి. తను ఇంకా భారత పౌరురాలే కాబట్టి ఆ పరీక్షకు అడ్డేమీ లేదు.

ఇంకొకటి, ఈ 21 ఏళ్ల లెక్క అమ్మాయికి తెలుసా? మా దగ్గరికి వచ్చే ఇళ్లలో సగం మంది పిల్లలకు చెప్పరు. మీరే ఫోన్ చేసి చెప్పండి మాస్టారూ, తండ్రి కంటే తాతయ్య చెప్తే టెన్షన్ పడకుండా వింటుంది.